గండపెండేరము నుండి సన్మానపత్రము వఱకు

‘సన్మానము’ అను మాటలో ‘మానము’ అను భాగమున్నది. ఆ శబ్దమునకు గౌరవమనియు, కొలత యనియు రెండర్థములను నిఘంటువులు చెప్పుచున్నవి. ధాతువులు వేఱైనను ఈ రెండర్థములును ఒక్క రూపమున కూడియుండుట చరిత్రకారునకు ఉపకరించు విషయమే. ఒక ఊరు ఎవరిని గౌరవించినదో తెలిసినచో ఆ ఊరు దేనితో మనుష్యులను కొలిచినదో తెలియును. ఎవరిని గౌరవింపలేదో తెలిసినచో ఆ కొలబద్ద యెక్కడ పొట్టిదైనదో కూడ తెలియును.

తెలుగుదేశమున సేవ చేసినవారిని, పట్టుదలతో ఒక కార్యమును సాధించినవారిని, విద్యలో మిన్నయైనవారిని నలుగురియెదుట సత్కరించు ఆచారము మిక్కిలి ప్రాచీనమైనది. కాని సత్కారములను గూర్చిన మన వ్రాతలు తఱచుగా బిరుదుల పట్టికలుగనో, కవుల కథలుగనో ఆగిపోవుచున్నవి. మేము ఈ వ్యాసమున సత్కారమును ఒక సాంఘికవ్యవస్థగా పరిశీలింపదలచితిమి. ఏ సత్కారమునైనను నాలుగు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. ఇచ్చినవారెవరు? దేనికిచ్చిరి? ఎవరియెదుట నిచ్చిరి? ఇచ్చిన పిమ్మట మిగిలినదేమి? ఈ నాలుగింటిలో చివరిదానిని మనము తక్కువగా అడుగుచున్నాము. అది అన్నిటికంటె ముఖ్యమని మా అభిప్రాయము.

1. అగ్రహారము

కరీంనగరము ప్రాంతమున గంగాధరకు సమీపమునగల కురిక్యాల గ్రామమున బొమ్మలగుట్ట యను కొండ కలదు. ఆ కొండరాతిపై క్రీ. శ. 945 ప్రాంతమున జినవల్లభుడు చెక్కించిన శాసనము సంస్కృత కన్నడ తెలుగు భాషలలో నున్నది. అందు మూడు తెలుగు కందపద్యములుండుటచే మన ఛందశ్చరిత్రలో దానికి గొప్ప స్థానము లభించినది. ప్రస్తుతాంశమునకు కావలసినది మఱియొకటి. ఈ జినవల్లభుడు పంపకవికి తమ్ముడు. విక్రమార్జున విజయమును రచించినందుకు వేములవాడ చాళుక్యప్రభువగు రెండవ అరికేసరి పంపకవికి ధర్మపురమును అగ్రహారముగా నిచ్చెనని ఈ శాసనము తెలుపుచున్నది.

ఇచట గమనింపవలసినది, ఇచ్చినవాడొకడు, రాతికెక్కించినవాడు మఱియొకడు. రాజు గ్రామమునిచ్చెను, తమ్ముడు జ్ఞాపకమునిచ్చెను. గ్రామము ఎన్ని తరములు ఆ వంశమున నిలిచినను, వేయి సంవత్సరములకు పిమ్మట మనకు దక్కినది తమ్ముడిచ్చినదే. సత్కారమునకు దాత యొక్కడు చాలడు, దానిని నిలుపువాడు కూడ కావలెననుటకు ఇది మొదటి నిదర్శనము.

దీని తరువాత నూఱేండ్లకు కోనసీమలో నందంపూడి శాసనము పుట్టినది. 1053లో రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడి గ్రామమును అగ్రహారముగా నిచ్చెను. మహాభారతరచనలో నన్నయకు తోడ్పడిన నారాయణభట్టితడే. సంస్కృతము, కర్ణాటము, ప్రాకృతము, పైశాచము, ఆంధ్రము అను భాషలలో ఇతనికి గల కవిత్వశక్తిని శాసనము శ్లాఘించుచున్నది. శాసనకర్త నన్నయభట్టు. తన పనికి తోడ్పడిన స్నేహితుని గుణములను, ఆ పనిని దగ్గఱనుండి చూచినవాడే వ్రాయుట ఇందలి విశేషము. ప్రశంస యెంత యలంకృతమైనను, దాని వెనుక ఎఱుక యున్నది.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనముల నిర్మాణమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. వానియందు రాజు ఒక విషయమునందలి రాష్ట్రకూటప్రముఖులగు కుటుంబులను, అనగా కాపుకుటుంబముల పెద్దలను, పిలిపించి, ఈ గ్రామమును ఇతనికిచ్చితిమి, మీకు తెలియవలసినదని ఆజ్ఞాపించుట వాడుక. నందంపూడి రేండేరులనడిమి విషయములోనిది. కావున ఆ సత్కారమునకు సాక్షులు ఆస్థానపండితులే కారు, రెండేరుల నడుమ భూమిని దున్నుకొను కుటుంబులు. సాక్షులు వారే, ఆ సత్కారపు భారమును మోసినవారును వారే. ఏలయన అంతవఱకు రాజునకు చెల్లుచుండిన పన్ను ఇకమీద అగ్రహారీకునకు చెల్లవలెను. పండితుని గౌరవించిన శాసనములు మనకు పెక్కు గలవు. ఆ గౌరవమును పండించిన కుటుంబుల పేరులు చెప్పిన శాసనములు కొలదిగనే కలవు.

ఈ శాసనములలో ప్రశస్తి సంస్కృతమునను, గ్రామపు టెల్లలు తెలుగునను ఉండుట తఱచు. ప్రశస్తిలో అతిశయోక్తికి చోటు కలదు. ఎల్లలలో లేదు. తూర్పున ఫలాని చెఱువు, దక్షిణమున ఫలాని చింతచెట్టు అని చెప్పునపుడు కవియైనను కొలతదారుడు కావలసినదే. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొందురుగాక. వ్యాసాంతమున దీనితో పని యున్నది.

2. వీరగల్లు

అగ్రహారము బ్రదికియున్న విద్వాంసునకు లభించినది. చదువులేని సామాన్యునకు అట్టి సత్కారము కలదా యన్నచో, కలదు. కాని దానిని పొందుటకు అతడు చావవలెను. పల్లెపొలిమేరలలో నిలిచిన వీరగల్లులు ఆ సత్కారమునకు సాక్ష్యములు.

చిత్తూరు ప్రాంతమున, ప్రత్యేకముగా పుంగనూరు పరిసరములలో, బాణ వైదుంబుల కాలపు వీరగల్లులు అనేకములు దొరకినవి. వైదుంబ మహారాజగు గండ త్రినేత్రుని కాలమున సోరెమడి యుద్ధమున మడిసినవారికి నిలిపిన రాళ్లు వీనిలో చేరినవి. వీరుని రూపము, పైని నాలుగు పంక్తుల తెలుగో కన్నడమో, అతని పేరు, అతని యేలిక పేరు, ఎక్కడ పడెనో ఆ చోటు, అంతే. ఈ శాసనముల భాషను బట్టి మన ప్రాచీన గద్యమును గూర్చి పండితులు ఎన్నో విషయములు గ్రహించిరి. సత్కారచరిత్ర దృష్టితో చూచినచో వీనియందు మఱియొక గుణము కానవచ్చును. ప్రశస్తి దాదాపు లేదు. చేసిన పని యున్నది.

యుద్ధమొక్కటియే కాదు. పసులమందను తోలుకొనిపోవు దొంగలను అడ్డగించి చచ్చినవారికి, ఊరిమీదికి వచ్చిన పులితో పోరి చచ్చినవారికి కూడ రాళ్లు నిలిపిరి. కొన్నిచోట్ల వీరుని కుటుంబమునకు కొంత పొలము విడిచిరి. దీనినే రక్తమాన్యమని వ్యవహరించిరి. కన్నడదేశమున నెత్తరుగొడగె యని పేరు. రాయి పేరును నిలిపినది. పొలము ఇంటివారిని నిలిపినది. మా నాలుగవ ప్రశ్నకు ఇంత నేరుగా సమాధానము చెప్పిన సత్కారము మన చరిత్రలో అరుదు.

పలనాటి కారెంపూడిలో వీరులగుడియు, కార్తికమాసమున ఏటేట జరుగు వీరారాధనోత్సవమును ఈ సంప్రదాయపు విస్తృతరూపమే. అచట బ్రహ్మనాయుని పక్షమున పోరిన వీరులను కులభేదము లేక తలచుట ఆచారము. మాలకులజుడగు కన్నమదాసు ఆ వీరగాథలలో ముందువరుసవాడు. జీవితమున కూడని పంక్తి మరణానంతరమున కూడినది. ఈ మాటను మెప్పుగా గ్రహింపవలెనో, నిందగా గ్రహింపవలెనో పాఠకులు నిర్ణయింతురుగాక.

3. గండపెండేరము

గండడనగా శూరుడు. పెండేరము కాలికి తొడుగు అందె. కావున గండపెండేరము మొదట శూరుని ఆభరణము. కాకతీయ గణపతిదేవుని కొలువున ప్రసిద్ధుడగు కాయస్థ గంగయసాహిణికి ‘గండపెండార’ యను బిరుదుండుట దీనికి తార్కాణము. యుద్ధమున గెలిచినవాని కాలియందె కాలక్రమమున వాదమున గెలిచినవాని కాలికి వచ్చినది. రాయలు స్వయముగా అల్లసాని పెద్దన కాలికి గండపెండేరమును తొడిగెనను కథ తెలుగువారిలో ఎఱుగనివారు లేరు. పెద్దన యెదురైనచో రాయలు మదపుటేనుగును ఆపి చేయూతనిచ్చి ఎక్కించుకొనెననియు, పల్లకి నెత్తెననియు, కోకట మున్నగు అగ్రహారములనిచ్చెననియు చెప్పుకొందురు. ఇవన్నియు చాటువుల మూలమున వచ్చినవి. చాటువును శాసనమువలె నమ్మరాదు. కాని ప్రజలు ఏ విధమైన సత్కారమును సత్కారమని తలచిరో తెలుపుటకు చాటువునకు మించిన సాక్షి లేదు. రాజు వంగి కవి పాదమును తాకుట అను దృశ్యమే వారి మనసున నిలిచినది.

శ్రీనాథుని విషయమున చాటువులే మఱియొక వైపును చూపుచున్నవి. కొండవీటి రెడ్ల కొలువున విద్యాధికారిగా నుండి, విజయనగరమున ప్రౌఢదేవరాయల యెదుట డిండిమభట్టును గెలిచి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకమును పొందిన కవిసార్వభౌముడు కడపట కృష్ణాతీరమున బొడ్డుపల్లిని గుత్తకు తీసికొని, వరదపాలై, ఏడునూఱు టంకముల పన్ను చెల్లింపలేక ఎండలో బండమోసి శిక్షపడెనని చాటువుల సాక్ష్యము. బంగారముతో స్నానము చేసినవాడు పన్నుబాకీతో పోయెనని చెప్పుకొన్న ఈ కథ అక్షరాల సత్యమగునో కాదో కాని, దానిని చెప్పుకొన్నవారి మనోవ్యథ సత్యము. కొలువు కూలినచో కొలువిచ్చిన గౌరవము కూడ కూలునని వారు చూచిరి. కొండవీటి రాజ్యము పోయినది. కనకాభిషేకమున తడిసిన దేహమునకు అన్నము పెట్టు బాధ్యత ఎవరిదియు కాలేదు.

4. దొరతనపు బిరుదములు

ఆంగ్లప్రభుత్వకాలమున సత్కారమునకు క్రొత్త రూపము వచ్చినది. రావుసాహేబు, రావుబహద్దరు, దివానుబహద్దరు అను బిరుదములు ప్రభుత్వపత్రమున ప్రకటితమగుచు వచ్చినవి. వీనికి గ్రామములు ముడివడియుండలేదు. ఇది కేవల గౌరవమునకు నాంది. వీని లక్ష్యము తఱచుగా ప్రభుత్వభక్తియే యైనను, నిజమైన పనిని గుర్తించిన సందర్భములు లేకపోలేదు.

1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున గోదావరి ఆనకట్ట నిర్మాణము జరిగినది. కాటనును గోదావరి ప్రజలు మఱవలేదు. ఊరూర విగ్రహములు నిలిపిరి. 1982లో పూర్తియైన క్రొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టిరి. ఆ నిర్మాణమున ఆయనకు కుడిభుజమై నిలిచి, వేలకొలది కూలీలను నడిపించిన తెలుగువాడు వీణెము వీరన్న. ఆయనకు రాయబహద్దరు బిరుదము లభించినది. ధవళేశ్వరపు లాకులయొద్ద ఆయన పేర శిలాఫలకము నిలిచినది. కాని కాటను పేరెఱిగిన వందమందిలో వీరన్న పేరెఱిగినవారెందఱు? శిలాఫలకమున్నను, దానిని చదువువారు లేనిచో సత్కారము సగమే. ఇక ఆ వేలకొలది కూలీలకు ఆనకట్టయే శిలాఫలకము.

కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. ఆనాడు ఊరి పెద్దలనేకులు ఆయనను బహిష్కరించిరి. 1893లో ప్రభుత్వము ఆయనకు రావుబహద్దరు బిరుదమునిచ్చినది. ఊరు వెలివేసినవానిని దొరతనము గౌరవించుట ఇచట కానవచ్చును. స్థానికసత్కారము సర్వదా న్యాయ్యమైనదనుకొనువారు ఈ విషయమును మఱవరాదు. ఊరికి దగ్గఱి చూపు కలదు. దగ్గఱి ద్వేషము కూడ కలదు.

గిడుగు రామమూర్తి పంతులుగారి విషయము వేఱు. పర్లాకిమిడిలో చరిత్రోపాధ్యాయులుగా నుండి, చుట్టుపట్ల కొండలలోని సవరల భాషను నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వము అందులకు పారితోషికమీయబూనగా, ఆ ధనము తమకు వలదనియు, దానితో సవరలకు బడి పెట్టవలసినదనియు కోరిరి. 1913లో రావుసాహేబు బిరుదమును, తరువాత కైజర్-ఇ-హింద్ పతకమును వారికి వచ్చినవి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. బిరుదము నేడు ఎవరికి కావలెను? వ్యాకరణము కావలెను, నిఘంటువు కావలెను. సత్కారమును పనిలోనికి త్రిప్పుట అను మార్గమును పంతులుగారు చూపిరి. 1933లో వారి డెబ్బదియవ యేట మిత్రులు శిష్యులు చేరి వారికి సమర్పించిన వ్యాససంపుటము కూడ ఈ మార్గముననే నడచినది. దండకు బదులు వ్యాసములు సమర్పించుట విశ్వవిద్యాలయములకు తగిన సత్కారము.

ఈ కాలముననే కోనసీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) ఉండిరి. గోదావరి పాయలను దాటి వచ్చు బాటసారులకు వేళ యనక, కులమనక అన్నము పెట్టుటయే ఆమె జీవితము. ఏడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆమెకు ఆహ్వానము వచ్చినదనియు, ఆకలితో వచ్చువారిని విడిచి రాజాలనని ఆమె పలికినదనియు, ఆమెకు బదులు ఆమె ఛాయాచిత్రమును ఉత్సవమున ఉంచిరనియు ఆ ప్రాంతమున చెప్పుకొందురు. ఈ కథ యొక్క వివరములెట్టివైనను దాని తాత్పర్యము స్పష్టము. సత్కారసభకు పోయినచో ఆ పూట వంట ఆగును. నందంపూడియు గన్నవరమును ఒకే కోనసీమలోనివి. ఒక ఊరు విద్వాంసునకు దక్కినది. మఱియొక ఊరిలో ఒక గృహిణి తన ఇంటివారి భూమిని అన్నముగా మార్చి ఊరివారికిచ్చినది. 2000లో వైనతేయ పాయపై ప్రారంభమైన అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరునుంచినది. విగ్రహమున ఆమె కనబడును. భోజనపథకమున ఆమె పని కనబడును. రెండవదే ఆమెకు తగిన సత్కారమనుటలో సందేహము లేదు.

5. ప్రజలిచ్చిన పేరులు

1920 తరువాత సహాయనిరాకరణోద్యమమున ప్రభుత్వబిరుదములను విడుచుట గౌరవమైనది. ఆ ఖాళీని ప్రజలు నింపిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఆంధ్రరత్నమైనాడు. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషనునకు వ్యతిరేకముగా జరిగిన ప్రదర్శనమున తుపాకులకెదురుగా ఱొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశము ఆంధ్రకేసరియైనాడు. కాశీనాథుని నాగేశ్వరరావు దేశోద్ధారకుడైనాడు. ఈ పేరులను ఏ ప్రభుత్వపత్రమును ప్రకటింపలేదు. ఇచ్చినది సభ, నిలిపినది జనుల నాలుక. నూఱేండ్లు కావచ్చినను ఇంటిపేరులకంటె ఇవియే ముందు తోచును.

తెలంగాణమున సత్కారము మఱియొక రూపము దాల్చినది. తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులను గూర్చి గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిరి. సభ లేదు, శాలువ లేదు. లేఖలు వ్రాసి, పద్యములు తెప్పించి, ఊరు పేరు చేర్చి అచ్చువేయుట, అంతే. లేరనినవారికి పట్టిక చూపుట యే ప్రశస్తికంటెను బలవత్తరమైన ప్రత్యుత్తరము. ఆ కవులలో పెక్కుమందికి అదియే తొలి సత్కారము. కొందఱికి తుది సత్కారము కూడ కావచ్చును. ఆ సంచిక లేనిచో నేడు వారి పేరులు మనకు దొరకవు. రాజు ఊరినిచ్చి గౌరవించెను. సంపాదకుడు చోటునిచ్చి గౌరవించెను.

ఇక గండపెండేరపు కథలో చివరి ఘట్టము. వినుకొండవాడగు గుఱ్ఱము జాషువ అస్పృశ్యతను చవిచూచిన కవి. సొంత ఊరి సాహిత్యసభలోనే, ఈ కులమువానిని లోనికెవరు రానిచ్చిరని కొందఱు గద్దించిన అవమానము ఆయన జీవితచరిత్రలో ప్రసిద్ధము. అట్టి జాషువ కాలికి, తిరుపతి వేంకటకవులలో నొకరగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వహస్తములతో గండపెండేరమును తొడిగిరి. శతావధాని, గద్వాల ఆత్మకూరు వేంకటగిరి సంస్థానములలో గౌరవములందినవాడు, 1949లో మద్రాసు ప్రభుత్వపు ఆస్థానకవి యైనవాడు వంగి, ఊరు అంటరాదనిన పాదమును తాకినాడు. ఆ అందె గంగయసాహిణి కాలమున శౌర్యమును, పెద్దన కాలమున ఆస్థానకవిత్వమును సూచించినది. జాషువ పాదమున అది మూడవ యర్థమును పొందినది. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ నిచ్చినది. 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానమును, 1970లో పద్మభూషణమును లభించినవి. కాని ఆ అందె ముందు తెలిపినది. కొలబద్ద పొట్టిదైనపుడు మనుష్యుని కుదింపరాదు, కొలబద్దను మార్చవలెను.

6. సన్మానపత్రము

పురపాలకసంఘములు, గ్రంథాలయములు, పూర్వవిద్యార్థిసంఘములు పెరిగినకొలది సన్మానపత్రము మన ప్రాంతమున ఒక సాహిత్యప్రక్రియగా నిలిచినది. పూర్ణకుంభము, పూలదండ, దుశ్శాలువ, నూటపదహార్లు, పిమ్మట పత్రపఠనము. అంచున లతలు, నడుమ సంబోధనలతో గద్యము, చివర పురప్రముఖుల పేరులు. మేము చూచిన పత్రములలో పెక్కింటికి ఒక సామాన్యలక్షణము కలదు. సన్మానితుని పేరు తీసివేసి చదివినచో ఆ పత్రము మఱియెవరికైనను సరిపోవును. సేవాతత్పరుడు, సౌజన్యమూర్తి, దీనజనబాంధవుడు అను మాటలు ముప్పదియేండ్లు బడి నడిపిన ఉపాధ్యాయునకును, ఒక్క దినము విరాళమిచ్చిన వర్తకునకును సమముగా వర్తించుచున్నవి.

ఇచట శాసనపు టెల్లలను మరల తలచుకొనవలెను. నందంపూడి కాలపు శాసనకర్త ప్రశస్తిలో ఎంత యెత్తునకెగసినను, ఎల్లలు చెప్పునపుడు నేలకు దిగవలసివచ్చెను. మన సన్మానపత్రములకు ప్రశస్తి మిగిలినది. ఎల్లలు పోయినవి. ఏ ఊరిలో, ఏ సంవత్సరము మొదలు, ఎందఱకు, ఏ కష్టమున కోర్చి, ఏమి చేసెను? ఈ వివరములే సత్కారమునకు ఎల్లలు. ఇవి లేని పత్రము సన్మానితునకు గోడయలంకారము కావచ్చును. చరిత్రకారునకు మాత్రము సాక్ష్యము కాజాలదు. వీరగల్లుపై నాలుగు పంక్తులలో ఇమిడిన సమాచారము నలువది పంక్తుల పత్రమున లేకుండుట విచారింపదగినది.

7. స్వతంత్ర భారతమున

భారత రాజ్యాంగము 18వ అధికరణముచే బిరుదములను రద్దు చేసినది. 1954లో భారతరత్న, పద్మ పురస్కారములు ఏర్పడినవి. 1977లో ప్రభుత్వము వీనిని నిలిపివేసినది. 1980లో ఇవి మరల వచ్చినవి. ఇవి బిరుదములు కావనియు, పేరునకు ముందుగాని వెనుకగాని చేర్చుకొనరాదనియు సర్వోన్నత న్యాయస్థానము 1995 డిసెంబరులో తీర్పు చెప్పినది. అనగా పురస్కారము మనుష్యుని హోదాను మార్చదు, అతని పనిని గుర్తించును. సత్కారచరిత్రలో ఇది సూక్ష్మమైన, గొప్పదైన మార్పు. ఏ పౌరుడైనను మఱియొక పౌరుని పేరును సూచింపవచ్చుననుట కూడ నేడు అమలులోనున్న విషయమే. కుటుంబులు ఇప్పుడు సాక్షులు మాత్రమే కారు.

దీని ఫలము కనబడుచున్నది. 2017లో పద్మశ్రీ పొందినవారిలో ఇద్దఱు తెలంగాణ గ్రామీణులను చూడుడు. ఖమ్మము సమీపమున రెడ్డిపల్లివాడగు దరిపల్లి రామయ్య జీవితమంతయు మొక్కలు నాటుచు వనజీవి రామయ్యగా ప్రసిద్ధుడైనాడు. 2025 ఏప్రిల్ 12న ఆయన మరణించునప్పటికి ఆయన నాటిన మొక్కలు కోటికి మించునని ప్రతీతి. ఆలేరు ప్రాంతమున శారాజీపేటవాడగు చింతకింది మల్లేశము బడి చదువు పూర్తికాని నేతగాడు. చీరకు ఆసు పోయుటకు వేలసారులు చేయి ఆడించి తల్లి భుజము నొచ్చుట చూచి, సంవత్సరములకొలది శ్రమించి 1999లో ఆసు యంత్రమును సాధించి, దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమనినాడు. ఢిల్లీలో ఆయనకు పతకమును రాష్ట్రపతి యిచ్చిరి. ఆయన తల్లికి సత్కారమును ఆ యంత్రమే ఇంటింట చేయుచున్నది.

వలయము విస్తరించినది, సంతోషము. కాని నాలుగవ ప్రశ్న యిచటనే మనలను నిలదీయుచున్నది. 2022లో పద్మశ్రీ పొందిన దర్శనము మొగులయ్య పన్నెండుమెట్ల కిన్నెర వాయించు కళాకారుడు. 2024లో ఆయన నిర్మాణపు పనిలో కూలిగా కనబడినాడని పత్రికలు వ్రాసినవి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో పద్మశ్రీ పొందిన తెలంగాణ కళాకారులకు 25 లక్షల రూపాయలును, నెలకు 25 వేల రూపాయలును ఇత్తుమని రాష్ట్రప్రభుత్వము ప్రకటించియుండెను. ప్రకటనమునకును వంటింటికిని నడుమనున్న దూరము ఈ రెండు వార్తల నడుమ కొలవవచ్చును. బొడ్డుపల్లి చాటువును చదివి కన్నీరు పెట్టుకొను మనము ఈ వార్తను చదివి పుట త్రిప్పుట తగునా?

ముగింపు

పై పరిశీలనమున తేలినది సంగ్రహముగా ఇది. ప్రాచీనకాలమున సత్కారము కొందఱికే దక్కినది, కాని దానితో జీవనాధారము కూడ దక్కినది. సామాన్యునకు మరణించిన పిమ్మట రాయి దక్కినది, కొన్నియెడల అతని యింటివారికి పొలము దక్కినది. నవీనకాలమున సత్కారము అందఱికిని తెఱవబడినది, కాని దానినుండి జీవనాధారము జాఱిపోయినది. మొదటిది పోవుట న్యాయము. ఒకని గౌరవమునకు పదిమంది కుటుంబులు తరతరములు పన్ను కట్టవలసిన వ్యవస్థ మరల రానక్కఱలేదు. రెండవది జాఱుట మాత్రము న్యాయము కాదు.

పరిశోధకవిద్యార్థులకు ఈ విషయమున చేయదగిన పని చాల కలదు. ఊరి గ్రంథాలయములందును, పాఠశాలల గోడలమీదను, వృద్ధుల పెట్టెలలోను సన్మానపత్రములు చెదలకు పాలగుచున్నవి. వానిని సేకరింపవలెను; తేదీలు, ఇచ్చిన సంస్థలు, చెప్పిన కారణములు నమోదు చేయవలెను. పొలిమేరలలోని వీరగల్లులను రోడ్డుపనులు మ్రింగకముందే చిత్రములు తీసి, చదివి, ప్రకటింపవలెను. పత్రమున లేని ఎల్లలను సన్మానితుని తోడివారినడిగి వ్రాసికొనవలెను. ఏ ఊరిలో ఎవరిని సత్కరింపలేదో ఆ పట్టికను కూడ వ్రాయవలెను. ఆ రెండవ పట్టికయే కష్టమైనది, విలువైనది కూడ.

బొమ్మలగుట్టమీద జినవల్లభుడు చేసినది ఇంతకంటె ఎక్కువ కాదు. అన్న చేసిన పనిని, అన్నకు లభించినదానిని, ఎక్కడ నిలిచి చూచినను కనబడు రాతిమీద మూడు భాషలలో చెక్కించెను. వేయి సంవత్సరములకు పైగా ఆ సత్కారము చెడలేదు. మనయొద్ద ఉలి లేకున్నను కలమున్నది.